ఆయన దగ్గరికి వెళ్లే దారిలో ఓ ఎక్స్‌రే

పెళ్లయి ఏడాదిన్నర. అందులో ఇద్దరూ కలిసి ఉన్నది మూడు వారాలు. మిగతాదంతా వాట్సాప్ కాపురమే! ఇక్కడ పొద్దున ఆరైతే అక్కడ రాత్రి. ఆయన నిద్రకళ్లతో ‘గుడ్ మార్నింగ్’ అంటాడు, ఈమె టీ గ్లాసు పట్టుకుని ‘గుడ్ నైట్’ అంటుంది.

సత్తుపల్లిలో అలాంటి అమ్మాయిని ఒకరిని ఊహించుకోండి. పేరెందుకులెండి, మీ వీధిలోనే ఉండొచ్చు. మీ క్లాస్‌మేటే కావచ్చు. ఆయనకు అమెరికా పౌరసత్వం ఉంది. భార్య కోసం వేసిన పిటిషన్ అప్రూవ్ అయింది. ఫీజులు కట్టారు, కాగితాలు అప్‌లోడ్ చేశారు. చివరికి ముంబైలో ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. ఇంట్లో స్వీట్లు కూడా పంచారు.

ఆ మెయిల్‌లోనే కింద ఇంకో లైను ఉంది. ఇంటర్వ్యూ కంటే ముందు మెడికల్ ఎగ్జామ్ చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రేతో సహా.

అది చదివిన దగ్గర్నుంచి అమ్మాయికి నిద్ర లేదు. ఎందుకంటే ఇంటర్ సెకండియర్‌లో ఆమెకు టీబీ వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరు నెలలు మందులిచ్చారు. పూర్తిగా తగ్గింది. తర్వాత డిగ్రీ చదివింది, ఉద్యోగం చేసింది, పెళ్లి చేసుకుంది. కానీ సంబంధాలు చూసేటప్పుడు అమ్మ ఒక్కటే మాట అంది. ‘ఆ సంగతి ఎవరికీ చెప్పమాకే. తగ్గిపోయింది కదా, ఇంకెందుకు?’

ఆమె చెప్పలేదు. ఇప్పుడు ఎక్స్‌రే చెప్పేస్తుందేమో!

ఇలాంటి భయం టీబీ వచ్చినవాళ్లకే కాదు. ఒకరికి థైరాయిడ్, ఒకరికి షుగర్. ఒకరు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు. ఇంకొకరికి చిన్నప్పటి టీకాల కార్డు కనపడటం లేదు. సింగరేణి ఓపెన్ కాస్ట్‌లో పనిచేసినాయనకు ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కనిపిస్తుందేమోనని దిగులు. అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలీదు. యూట్యూబ్‌లో చూస్తే భయం ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.

ముందు మీ వీసా ఏంటో చూసుకోండి

చాలామంది ఇక్కడే కంగారు పడతారు. అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్న భర్త దగ్గరికో, భార్య దగ్గరికో హెచ్‌-4 మీద వెళ్తున్నారా? అయితే మామూలుగా ఈ మెడికల్ ఉండదు. అది తాత్కాలిక వీసా. తర్వాత ఎప్పుడో అక్కడే గ్రీన్‌కార్డుకి అప్లై చేస్తే అప్పుడు అమెరికాలోనే సివిల్ సర్జన్ అనే గుర్తింపు పొందిన డాక్టర్ దగ్గర చేయించుకుంటారు. 2024 డిసెంబరు నుంచి ఆ రిపోర్టును గ్రీన్‌కార్డు అప్లికేషన్‌తో పాటే ఇవ్వాలి.

భర్త లేదా భార్య అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవారో అయి, మీరు ఇక్కడి నుంచి ఇమ్మిగ్రెంట్ వీసా మీద వెళ్తుంటే మెడికల్ తప్పదు. పెళ్లి చేసుకోవడానికి వెళ్లే కే-1 ఫియాన్సీ వీసాకి కూడా ఉంటుంది.

బ్రిటన్‌కి ఆరు నెలలకు మించి వెళ్లే భారతీయులకు టీబీ పరీక్ష తప్పనిసరి. అక్కడ నర్సుగా చేస్తున్న భార్య దగ్గరికి డిపెండెంట్‌గా వెళ్లే భర్తకైనా అంతే. వాళ్లు గుర్తించిన క్లినిక్‌లోనే చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. కెనడా, ఆస్ట్రేలియా అయితే ఎక్స్‌రేతో పాటు రక్త, మూత్ర పరీక్షలు కూడా చేస్తాయి.

ఊళ్లో డాక్టర్ రిపోర్టు చెల్లదు

‘మన డాక్టర్‌గారితో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించుకుంటే సరిపోదా?’ అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. సరిపోదు. ఆయా దేశాలు ఎంపిక చేసిన ప్యానెల్ డాక్టర్లే చేయాలి. అమెరికాకి అయితే ఆ జాబితా ఇంటర్వ్యూ సూచనల్లోనే ఉంటుంది. ముంబైదాకా వెళ్లక్కర్లేదు, హైదరాబాద్‌లో కూడా చేయించుకోవచ్చు. సత్తుపల్లిలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు. అపాయింట్‌మెంట్ మాత్రం ముందే తీసుకోవాలి. ‘మా ద్వారా అయితే గ్యారంటీగా ఫిట్ వస్తుంది’ అనే ఏజెంట్‌కి రూపాయి కూడా ఇవ్వకండి. ఆ రిపోర్టు క్లినిక్ నుంచి నేరుగా కాన్సులేట్‌కి ఆన్‌లైన్‌లో వెళ్తుంది, లేదంటే సీల్ వేసిన కవర్లో ఇస్తారు. కవర్ ఇస్తే విప్పకూడదు.

పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ లెటర్, డీఎస్‌-260 కన్ఫర్మేషన్ పేజీ, ఫొటోలు, టీకాల కార్డు, వాడుతున్న మందుల చీటీ, పాత రిపోర్టులు తీసుకెళ్లండి. కళ్లజోడు ఉంటే అది కూడా.

లోపల ఏం చేస్తారు?

నిజం చెప్పాలంటే ఊహించుకున్నంత ఉండదు. ఎత్తు, బరువు, బీపీ, కంటిచూపు చూస్తారు. గుండె, ఊపిరితిత్తులు స్టెతస్కోప్‌తో వింటారు. పొట్ట నొక్కి చూస్తారు, చర్మం చూస్తారు. పాత జబ్బులు, ఆపరేషన్లు, మందులు, మానసిక ఆరోగ్యం, అలవాట్ల గురించి అడుగుతారు.

అమెరికా మెడికల్‌లో 15 ఏళ్లు దాటినవారందరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి 2 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇగ్రా అనే రక్త పరీక్ష చేస్తారు. చిన్నప్పుడు భుజం మీద వేసిన బీసీజీ టీకా వల్ల ఆ పరీక్ష తప్పుగా పాజిటివ్ రాదు. వయసును బట్టి సిఫిలిస్‌కి రక్త పరీక్ష, గనేరియాకి మూత్ర పరీక్ష కూడా ఉంటాయి. అందరికీ చేసేవే ఇవి, మిమ్మల్ని అనుమానించి కాదు. నెలసరి ఆ రోజుకే వస్తుందనిపిస్తే ముందే క్లినిక్‌కి ఫోన్ చేసి మూత్ర పరీక్ష సంగతి అడగండి.

బట్టలు మార్చుకుని గౌను వేసుకోమంటారు. అమ్మాయిలకు ఇది ఇబ్బందే. పరీక్ష సమయంలో మహిళా సిబ్బంది పక్కన ఉండాలని అడగొచ్చు. మొహమాటపడక్కర్లేదు, అది మీ హక్కు.

ఇక టీకాలు. ఇమ్మిగ్రెంట్లకు టీకాలు తప్పనిసరి అని అమెరికా 1996లో చట్టం చేసింది. మీజిల్స్-మంప్స్-రుబెల్లా, ధనుర్వాతం, హెపటైటిస్ బి, చికెన్‌పాక్స్, సీజన్‌లో ఫ్లూ లాంటివి వయసును బట్టి చూస్తారు. చిన్నప్పటి కార్డు ఎలుకలు కొట్టేసి ఉంటే? ఏం పర్లేదు. మళ్లీ వేస్తారు. మూడు డోసులుండే టీకాకి మూడూ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, అప్పటికి ఇవ్వాల్సిన ఒక డోసు పడితే చాలు. చిన్నప్పుడు ‘అమ్మవారు పోసింది’ అంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. అది చికెన్‌పాక్స్ అయితే ఆ టీకా అవసరం పడకపోవచ్చు. 2021 అక్టోబరులో పెట్టిన కోవిడ్ టీకా నిబంధనను 2025లో తీసేశారు.

గర్భవతులైతే వెళ్లగానే ఆ సంగతి చెప్పాలి. మీజిల్స్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు అప్పుడు వేయరు, వాటికి మినహాయింపు ఉంటుంది. ఎక్స్‌రేని పొట్టకి రక్షణ కవచం పెట్టి తీస్తారు, వద్దనుకుంటే కాన్పు తర్వాతకి వాయిదా వేసుకోవచ్చు. ఛాతీ ఎక్స్‌రే ఒకదాంట్లో వచ్చే రేడియేషన్, మనం ప్రకృతి నుంచి పది రోజుల్లో తీసుకునేదానితో సమానం.

వాళ్లు వెతికేది దేనికోసం?

అసలు విషయం ఇదే. ఈ పరీక్ష ‘మీరు సంపూర్ణ ఆరోగ్యవంతులేనా?’ అని అడగదు. ఇది ఆర్మీ సెలక్షన్ కాదు. వాళ్ల జాబితా చాలా చిన్నది.

అంటువ్యాధుల్లో ముఖ్యంగా నాలుగు చూస్తారు. అంటుకునే దశలో ఉన్న టీబీ, చికిత్స తీసుకోని సిఫిలిస్, గనేరియా, అంటుకునే దశలో ఉన్న కుష్ఠు. ఈ నాలుగూ మందులతో తగ్గేవే! హెచ్‌ఐవీ ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది, 2010 జనవరి 4 నుంచి తీసేశారు. వీటితో పాటు టీకాలు వేయించుకోకపోవడం, డ్రగ్స్ అలవాటు, తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తనతో ముడిపడిన మానసిక సమస్యలు చూస్తారు.

అంటే డిప్రెషన్‌కి, యాంగ్జైటీకి మందులు వాడుతున్నంత మాత్రాన వీసా ఆగదు. డాక్టర్ చీటీ తీసుకెళ్తే చాలు. కానీ గంజాయి విషయంలో జాగ్రత్త. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఇమ్మిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. ఏడాదిలోపు వాడినా సమస్యే. తాగి బండి నడిపిన కేసులుంటే అవి కూడా అడుగుతారు.

రిపోర్టులో రెండు మాటలు వినిపిస్తాయి. క్లాస్ ఏ అంటే అప్పటికి వీసా ఇవ్వడం కుదరదని. చికిత్స తీసుకునో, మినహాయింపు కోరో ముందుకెళ్లాలి. క్లాస్ బి అంటే సమస్య ఏదో ఉంది, గమనించాలి అని. క్లాస్ బి ఉన్నా వీసా రావచ్చు. ‘క్లాస్ బి రాశారట’ అని ఏడ్వక్కర్లేదు.

మరి బీపీ, షుగర్, లావు? ఈ మెడికల్‌లో అవి అంటువ్యాధుల జాబితాలో లేవు. అయితే 2025 నవంబరులో ఓ వార్త వచ్చింది. షుగర్, ఊబకాయం, గుండెజబ్బు లాంటివి ఉన్నవారు రేపు ప్రభుత్వ ఖర్చు మీద ఆధారపడతారా అని కూడా చూడమని అమెరికా విదేశాంగ శాఖ తన కాన్సులేట్లకు సూచించిందని. కాబట్టి అలాంటి సమస్య ఉంటే స్పాన్సర్ ఆదాయం కాగితాలు, ఇన్సూరెన్స్ వివరాలు గట్టిగా పెట్టుకోవడం మంచిది. షుగర్ అదుపులో ఉన్నట్టు రిపోర్టు కూడా దగ్గర ఉంచుకోండి.

కెనడాలో అయితే భార్యాభర్తలకు ఓ ఊరట ఉంది. మామూలుగా వైద్య ఖర్చు మరీ ఎక్కువయ్యే జబ్బుంటే కెనడా వద్దంటుంది. కానీ అక్కడున్నవారు స్పాన్సర్ చేసే భార్యకో భర్తకో ఆ నిబంధన వర్తించదు. గల్ఫ్ లెక్క వేరు. అక్కడ ఎప్పుడో నయమైన టీబీ మచ్చ కూడా ‘అన్‌ఫిట్‌’కి దారితీయొచ్చు. గల్ఫ్ వెళ్లొచ్చినాయన చెప్పిన మాట విని అమెరికా గురించి భయపడకండి. ఒక దేశం రూలు ఇంకో దేశానికి పనికిరాదు.

ఈ భయం ఊరికే పుట్టలేదు

పోర్టులో, ఎయిర్‌పోర్టులో డాక్టర్ అంటే వలసవెళ్లేవాళ్లకు వణుకు ఉండటానికి చరిత్ర ఉంది. న్యూయార్క్ పక్కన ఎల్లిస్ ఐలాండ్‌లో 1892 నుంచి ఓడలు దిగినవాళ్లను డాక్టర్లు నడుస్తుండగానే చూసి, అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో అక్షరం రాసేవారు. ఒక్కో అక్షరం ఒక్కో జబ్బుకి గుర్తు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలాండ్‌లో 1910 తర్వాత మన దేశం నుంచి వెళ్లినవాళ్లను కొంకిపురుగులున్నాయని తిప్పి పంపిన సందర్భాలున్నాయి. మామూలు మందుతో పోయే పురుగులవి! వాళ్లకు కావాల్సింది ఆరోగ్యం కాదు, ఆపడానికి ఓ కారణం.

పెళ్లి కోసం వెళ్లిన ఆడవాళ్ల విషయంలో ఇంకా దారుణం జరిగింది. 1979 జనవరిలో లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో 35 ఏళ్ల భారతీయ టీచర్ దిగింది. కాబోయే భర్త అక్కడున్నాడు. ఆమె నిజంగా పెళ్లి కానిదేనా అని తేల్చడానికంటూ అక్కడి డాక్టర్ ఆమెకు కన్యత్వ పరీక్ష చేశాడు. గార్డియన్ పత్రిక ఆ సంగతి బయటపెట్టాక గొడవైంది, ఆ పరీక్షలు ఆపేశారు. అంతకుముందు ఢిల్లీ, బొంబాయిల్లోని బ్రిటిష్ వీసా ఆఫీసుల్లో కూడా పదుల సంఖ్యలో ఆడవాళ్లకు ఇలాంటివి చేశారని తర్వాత పాత ఫైళ్లలో బయటపడింది.

ఇప్పుడు అలాంటి పరీక్ష ఏదీ లేదు. ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఇవాళ ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసి పెట్టిన నిబంధనలున్నాయి. అమెరికాకైతే వాళ్ల ఆరోగ్య సంస్థ సీడీసీ రాసిన సూచనలు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ఎవరైనా చదువుకోవచ్చు.

ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే?

మళ్లీ మన సత్తుపల్లి అమ్మాయి దగ్గరికొద్దాం.

ఎప్పుడో తగ్గిన టీబీ ఊపిరితిత్తి మీద మచ్చ వదిలి ఉండొచ్చు. గాయం మానినా చర్మం మీద గుర్తు ఉన్నట్టే. ఎక్స్‌రేలో మచ్చ చూసి అది పాతదో, ఇప్పటిదో చెప్పడం కష్టం. అందుకే డాక్టర్ కళ్లె పరీక్ష అడుగుతారు. వరుసగా మూడు పనిదినాలు ఉదయాన్నే కళ్లె ఇవ్వాలి. మైక్రోస్కోప్ కింద చూస్తారు, కల్చర్ కూడా పెడతారు. టీబీ సూక్ష్మజీవి చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కల్చర్ ఫలితం తేలడానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది.

ఈ రెండు నెలలే అసలు నరకం. ముంబై ఇంటర్వ్యూకి వెళ్లినా రిపోర్టు వచ్చేదాకా వీసా ఆగుతుంది. చుట్టాలు ‘ఇంకా వెళ్లలేదేం?’ అని అడుగుతుంటారు. కానీ ఆగిందంటే అర్థం పోయిందని కాదు. కల్చర్ నెగెటివ్ వస్తే క్లాస్ బి రాసి పంపిస్తారు. అమెరికా వెళ్లాక అక్కడి హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఫోన్ చేసి ఓసారి వచ్చి చూపించుకోమంటారు. అంతే.

ఒకవేళ పాజిటివ్ వస్తే? అప్పుడు చికిత్స మొదలుపెట్టాలి. మామూలు టీబీకి సుమారు ఆరు నెలలు, సిబ్బంది కళ్లముందే మందులు వేసుకోవాలి. పూర్తయ్యాక మళ్లీ పరీక్ష, ఆ తర్వాత ప్రయాణం. ఆలస్యం అవుతుంది, నిజమే. కానీ ఆ ఎక్స్‌రే లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. పరాయి దేశంలో, కొత్త ఇంట్లో, దగ్గుతో, బరువు తగ్గుతూ, బహుశా కడుపులో బిడ్డతో ఉన్నప్పుడు బయటపడేది.

ఇంకో మాట. ఎక్స్‌రేలో మచ్చలన్నీ టీబీయే కావు. పాత న్యుమోనియా, గని దుమ్ము, ఇంకేవైనా కావచ్చు. పాత ఎక్స్‌రే ఉంటే తీసుకెళ్లండి. ‘ఐదేళ్ల కిందటా ఇదే మచ్చ, ఇప్పుడూ ఇదే’ అని పోల్చి చూసుకోవడానికి డాక్టర్‌కి అదే పెద్ద సాయం. అనుమానం ఉన్నవాళ్లు పిటిషన్ నడుస్తున్నప్పుడే ఓసారి దగ్గర్లో ఎక్స్‌రే తీయించుకుని ఛాతీ డాక్టర్‌కి చూపించుకుంటే చివరి నిమిషం కంగారు తగ్గుతుంది. ఆ రిపోర్టు వీసాకి చెల్లదు, మీ ధైర్యం కోసం.

దాస్తే ఏమవుతుంది?

క్లినిక్‌లో ఫారం ఇస్తారు. ‘గతంలో టీబీ వచ్చిందా? చికిత్స తీసుకున్నారా?’ అనే ప్రశ్న అందులో ఉంటుంది. అమ్మ మాట చెవిలో మోగుతుంది. ‘చెప్పమాకే.’

ఇక్కడ ‘లేదు’ అని టిక్ పెట్టడం చాలా తేలిక. కానీ ఎక్స్‌రే ‘ఉంది’ అంటే? అప్పటిదాకా అది ఓ పాత జబ్బు. ఆ క్షణం నుంచి అది అబద్ధం. అమెరికా చట్టంలో వీసా కోసం తెలిసి తెలిసి ముఖ్యమైన విషయం దాచినట్టు తేలితే, అది జీవితాంతం వెంటాడే అనర్హత. ప్రత్యేకంగా మినహాయింపు కోరాలి, అది వస్తుందన్న నమ్మకం లేదు. టీబీకి ఆరు నెలల మందుంది. ఈ అబద్ధానికి మందు లేదు.

నిజం చెప్తే కలిగే లాభం ఇంకోటుంది. ప్రభుత్వ చికిత్స వివరాలు ని-క్షయ్ పోర్టల్‌లో నమోదవుతాయి. చికిత్స తీసుకున్న ఆసుపత్రిలో టీబీ విభాగాన్ని అడిగి, ఎప్పుడు మొదలైంది, ఏ మందులు, ఎప్పుడు పూర్తయింది అన్న కాగితం తెచ్చుకోండి. ‘చికిత్స పూర్తయింది’ అన్న ఆ ఒక్క కాగితం మీ తరఫున మాట్లాడుతుంది.

ఫారం కంటే కష్టమైన ఫోన్ కాల్

డాక్టర్‌కి చెప్పడం తేలికే. ఆయనకు చెప్పడమే కష్టం.

వందేళ్ల కిందట మందులు లేనప్పుడు క్షయ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి వెళ్లడమే, తిరిగొస్తారో రారో తెలీదు. పాత సినిమాల్లో ఎవరైనా దగ్గి చేతిరుమాలు చూసుకున్నారంటే కథ అయిపోయినట్టే. ఆ భయం పెద్దవాళ్ల మనసుల్లోంచి ఇంకా పోలేదు. ‘ఆ ఇంట్లో టీబీ ఉందట’ అంటే సంబంధం తప్పిపోతుందని అమ్మ భయపడటంలో వింతేం లేదు. ఆమె కూతుర్ని కాపాడాలనుకుంది.

కానీ లెక్కలు చూడండి. ప్రపంచంలో టీబీ వచ్చేవాళ్లలో నలుగురిలో ఒకరు మన దేశంలోనే ఉన్నారు. 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో, 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందిలో టీబీ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. వాళ్లలో చాలామందికి జబ్బు ఎప్పటికీ రాదు, వాళ్ల నుంచి ఎవరికీ అంటదు. అంటే ‘మా ఇంట్లో ఎవరికీ లేదు’ అనే అత్తగారింట్లో కూడా ఒకరిద్దరిలో ఆ సూక్ష్మజీవి నిద్రపోతూ ఉండొచ్చు. ఇది ఒక కుటుంబం చేసిన తప్పు కాదు. గాలిలో వచ్చేది.

ఎక్స్‌రే తర్వాత ఆగిపోయిన వీసాకి కారణం ఆయన అడుగుతాడు. అప్పుడు చెప్పడం వేరు. ముందే చెప్పడం వేరు. ముందే చెప్తే అది ఇద్దరూ కలిసి దాటాల్సిన అడ్డంకి. తర్వాత చెప్తే ‘నాకెందుకు చెప్పలేదు?’ అనే ప్రశ్న మిగిలిపోతుంది. ఆ ప్రశ్నకి క్లాస్ ఏ, క్లాస్ బి ఉండవు.

ఎలా మొదలుపెట్టాలో తెలీకపోతే మామూలుగానే మొదలుపెట్టండి. ‘మెడికల్‌లో పాత జబ్బుల గురించి అడుగుతారట. మీకో విషయం చెప్పాలి. ఇంటర్‌లో ఉన్నప్పుడు నాకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వాడాను, పూర్తిగా తగ్గింది. అప్పుడు చెప్పాల్సింది, భయపడ్డాను.’ ఇంతే. ఐదు వాక్యాలు.

అవతల ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు. కోపం రావచ్చు, బాధ కలగొచ్చు. ఆ కాస్త టైమ్ ఇవ్వండి. ఇది చదివే అబ్బాయిల్లో ఎవరికైనా రేపు అలాంటి ఫోన్ వస్తే, ముందు ‘ఇప్పుడెలా ఉన్నావ్?’ అని అడగండి. మిగతావన్నీ తర్వాత. ఆమె అప్పటికే చాలా రాత్రులు నిద్రపోలేదు. అబ్బాయిలైనా ఇదే వర్తిస్తుంది. భార్య దగ్గరికి వెళ్లే భర్తలు ఇప్పుడు తక్కువేం లేరు, దాచే మగవాళ్లూ తక్కువ లేరు.

టైమింగ్ కూడా ముఖ్యమే

మెడికల్ మామూలుగా ఆరు నెలలు చెల్లుతుంది. టీబీ అనుమానంతో క్లాస్ బి1 రాస్తే గడువు మూడు నెలలే. వీసా గడువు మెడికల్ గడువుని దాటదు. అందుకని తొందరపడి మరీ ముందే చేయించుకుంటే వీసా చేతికొచ్చేసరికి ప్రయాణానికి టైమ్ ఉండదు. చివరి రోజుదాకా ఆగితే కళ్లె పరీక్ష అడిగినప్పుడు ఇంటర్వ్యూ దాటిపోతుంది. ఇంటర్వ్యూ తేదీ రాగానే అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది. పాత టీబీ ఉన్నవాళ్లు ఉద్యోగానికి రాజీనామా, ఫ్లైట్ టికెట్, వీడ్కోలు భోజనాలు అన్నీ వీసా చేతికొచ్చాకే పెట్టుకోండి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్లే వారం ముందు కాన్సులేట్ సైట్ మళ్లీ ఓసారి చూసుకోండి.

ఇప్పుడు మన అమ్మాయి ఏం చేయాలి? రాత్రికి ఆయనకు ఫోన్ చేయాలి. పొద్దున్నే అమ్మతో కూర్చోవాలి. అమ్మ కాసేపు తిట్టొచ్చు, కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత బీరువాలో పట్టుచీరల కింద దాచిన పాత ట్రీట్‌మెంట్ కార్డు తీసిస్తుంది. ఇన్నేళ్లూ పారేయకుండా ఉంచిందంటే ఎప్పుడో పనికొస్తుందని ఆమెకీ తెలుసు.

ఆ కార్డు, పాత ఎక్స్‌రే ఫైల్లో పెట్టుకుని, ఇద్దరూ హైదరాబాద్ బస్సెక్కండి. ఫారంలో ‘అవును’ దగ్గర టిక్ పెట్టి, పక్కన చికిత్స పూర్తయిన తేదీ రాయండి.